చెబుతామన్నారు కదా, చెప్పండి: ఐటీ కంపెనీల హెచ్‌ఆర్‌ వారికి బహిరంగ లేఖ

మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న ఐటీ కంపెనీల హెచ్‌ఆర్‌, రిక్రూట్‌మెంట్ విభాగాల వారికి,

నమస్కారం.

నేను అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెబుతాను. మీ దగ్గరికి ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లలో కొందరు అంతకు ముందు వారం దాకా మా క్లాసులో కూర్చున్నవాళ్లే. మీ గురించి నాకు తెలిసింది చాలావరకు వాళ్లు చెప్పగా విన్నదే. అందుకని ఈ ఉత్తరం వాళ్ల పక్షానే ఉంటుంది. అడగదలచుకున్నది మాత్రం చిన్న విషయం. మీరు ఇంటర్వ్యూ చేసిన మనిషికి ఫలానా తేదీలోగా అవుననో కాదనో చెప్పండి.

అప్లై చేసిన ప్రతివారికీ జవాబివ్వమని అనడం లేదు. నౌకరీ వెబ్‌సైట్‌లో ఒక పోస్టు పెడితే రెజ్యూమెలు కుప్పలుగా వచ్చి పడతాయని, వాటిలో చాలావాటికి ఆ ఉద్యోగంతో సంబంధమే ఉండదని నాకూ తెలుసు. నేను మాట్లాడేది మీరే ఎంచుకుని, మీరే ఫోన్ చేసి, టైమిచ్చి పిలిపించుకున్నవాళ్ల గురించి.

వాళ్లు ఎలా వస్తారో చెబుతాను. ఉద్యోగంలో ఉన్నవాళ్లయితే ఒంట్లో బాగాలేదని సెలవు పెడతారు. లేనివాళ్లు ఎస్సార్ నగర్ హాస్టల్లో పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని, అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో మీ గేటు దాకా వస్తారు. సెక్యూరిటీకి ఆధార్ చూపించి, రిజిస్టర్‌లో పేరు రాసి, మెడలో విజిటర్ ట్యాగ్ వేసుకుని కూర్చుంటారు. శనివారం అందరినీ ఒకేసారి పిలిచే వాకిన్ అయితే టోకెన్ పట్టుకుని మధ్యాహ్నం దాకా నిలబడతారు. ఎల్‌1, ఎల్‌2 అని టెక్నికల్ రౌండ్లు, తర్వాత మేనేజర్ రౌండ్, ఆఖర్న మీ రౌండ్. ఇప్పుడు జీతమెంత, ఎంత కావాలి, నోటీస్ పీరియడ్ (రాజీనామా చేశాక ఇంకా పనిచేయాల్సిన గడువు) ఎన్ని రోజులు, చేతిలో వేరే ఆఫర్ ఉందా, నైట్ షిఫ్ట్ చేస్తారా. ఆడపిల్లలనైతే పెళ్లెప్పుడని కూడా. (అడగకూడదని మీకు తెలుసు, అయినా అడుగుతున్నారు.) మూడు నెలల పే స్లిప్పులు, పాన్ కార్డు కాపీ మెయిల్ చేయించుకుంటారు. చివర్లో, ‘వీ విల్ గెట్ బ్యాక్ టు యూ’ అంటారు.

ఆ తర్వాతి సంగతి నేను చూస్తుంటాను. మొదటి రెండు రోజులు హుషారుగానే ఉంటారు. ‘బానే చేశాను సార్, ఒక్క ఎస్‌క్యూఎల్ క్వెరీ దగ్గర తడబడ్డాను’ అంటారు. ఇంకొన్నాళ్లకు మెయిల్లో స్పామ్ ఫోల్డర్ కూడా వెతకడం మొదలవుతుంది. తెలియని నంబర్ నుంచి ఫోనొస్తే క్లాసు మధ్యలో లేచి బయటికి పరుగెడతారు. తీరా అది క్రెడిట్ కార్డు వాళ్లది. వారం దాటాక మెల్లగా నా దగ్గరికి వచ్చి, ‘సార్, హెచ్‌ఆర్‌కి మెసేజ్ పెట్టొచ్చా? పెడితే మరీ ఎగబడుతున్నట్టు ఉంటుందా?’ అని అడుగుతారు. పెట్టమంటాను. పెడతారు. బ్లూ టిక్ పడుతుంది, జవాబు రాదు. మీ కెరీర్స్ పేజీలో స్టేటస్ మాత్రం నెలల తరబడి ‘అండర్ రివ్యూ’ అనే ఉంటుంది. రాత్రి ఇంటి నుంచి ఫోన్. ‘ఏమన్నా తెలిసిందా నాన్నా?’ లేదని చెప్పడం కూడా కొన్నాళ్లకు కష్టమైపోయి, ఆ ఫోన్ ఎత్తడం తగ్గిస్తారు.

మధ్యలో కన్సల్టెన్సీ ఉంటే ఇది ఇంకా చిక్కు. కన్సల్టెన్సీలో అడిగితే క్లయింట్ నుంచి ఫీడ్‌బ్యాక్ రాలేదంటారు. మిమ్మల్ని అడిగితే మీ వెండర్‌తో మాట్లాడుకోమంటారు. ఒక్కోసారి ఆ వెండర్ పైన ఇంకో వెండర్ ఉంటాడు. ఎవరిని అడగాలో కూడా ఆ కుర్రాడికి తెలియదు.

దీన్ని చాలామంది మతిమరుపు అనుకుంటారు, పొగరు అనుకుంటారు. కొంత అదీ ఉండొచ్చు. కానీ మీలాంటి కంపెనీల్లో రిక్రూటర్లుగా చేసి మానేసినవాళ్లు మా దగ్గర ప్లేస్‌మెంట్స్ చూస్తున్నారు. వాళ్లు చెప్పే లెక్క వేరు. మీరు మొదటి స్థానంలో ఎంచుకున్న మనిషికి అరవై రోజులో తొంభై రోజులో నోటీస్ పీరియడ్ ఉంటుంది. ఆ మూడు నెలల్లో అతను మీ ఆఫర్ చూపించి ఇంకో రెండు ఆఫర్లు తెచ్చుకుంటాడు. ఉన్న కంపెనీ వాళ్లే జీతం పెంచి ఆపుకోవచ్చు. తీరా జాయినింగ్ రోజు ఫోన్ స్విచాఫ్. అందుకని రెండో మనిషికి, మూడో మనిషికి కాదని చెప్పరు. ‘క్యాండిడేట్‌ని వార్మ్‌గా ఉంచండి’ అని పైనుంచి మాట వస్తుందట. అంటే ఆ మౌనం పొరపాటున వచ్చింది కాదు, కావాలని పాటిస్తున్నదే. మీ రిస్కు తగ్గించుకోవడానికి రెండో మనిషిని మూడు నెలలు ఖాళీగా కూర్చోబెడుతున్నారు, అదీ అతనికి తెలియకుండా. ఇంతా చేసి ఆ తొంభై రోజుల నోటీసు ఎవరు పెట్టారు? మీ కంపెనీలే కదా.

ఇంకో రకం కూడా ఉంది. అమెరికాలో క్లయింట్ బడ్జెట్ ఓకే చేయలేదు, లేదా బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా ఉన్న సొంత ఉద్యోగినే ఆ ప్రాజెక్టులో వేశారు. పోస్టు పోయింది. పోయిందని ఇంటర్వ్యూ చేసినవాళ్లకు చెప్పేవారుండరు, నౌకరీలో ప్రకటన కూడా తీయరు. కొన్నిసార్లు ప్రాజెక్టు ఇంకా చేతికి రాకముందే, వస్తే ఉంటారని మనుషుల్ని చూసిపెట్టుకుంటారు. ఆ ఇంటర్వ్యూకి కూడా మా పిల్లలు సెలవు పెట్టుకునే వస్తారు.

మీ టీముల్లో జిరా వాడతారు కదా, సాఫ్ట్‌వేర్‌లో దొరికిన తప్పులు (బగ్‌లు) నమోదు చేసే టూల్. టెస్టర్ అందులో ఒక బగ్ రాస్తే దానికి ఏదో ఒక స్టేటస్ ఉండి తీరాలి. డెవలపర్ ఒప్పుకోకపోతే రిజెక్టెడ్ అని పెట్టి కారణం రాస్తాడు. ఇప్పుడు కాదు, వచ్చే రిలీజ్‌లో చూద్దామనుకుంటే డిఫర్డ్ అంటాడు. ఏదీ పెట్టకుండా వదిలేస్తే మర్నాడు స్టాండప్‌లో, అంటే రోజువారీ మీటింగ్‌లో, మేనేజర్ ఊరుకోడు. లాగిన్ పేజీలో బటన్ రంగు తప్పు పడిందని రాసిన బగ్‌కి దక్కే ఈ మర్యాద దాన్ని పట్టుకున్న మనిషికి దక్కడం లేదు. ‘మీరు వెయిటింగ్‌లో ఉన్నారు, ముందున్నవారు చేరకపోతే పిలుస్తాం, ఫలానా తేదీ దాటితే మా కోసం చూడకండి’ అని రాయడానికి ఏమిటి అడ్డం? అది చదివి ఆగేవాళ్లు ఆగుతారు, వేరే దారి చూసుకునేవాళ్లు చూసుకుంటారు.

మా దగ్గర చదివిన ఒకబ్బాయి సంగతి చెప్పాలి. చిన్న కంపెనీ ఒకటి ఆఫర్ ఇచ్చి శుక్రవారంలోగా సంతకం పెట్టి పంపమంది. అదే వారంలో ఒక పెద్ద కంపెనీలో అన్ని రౌండ్లూ అయిపోయాయి. అక్కడి హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాడు, చేతిలో ఆఫర్ ఉంది, శుక్రవారం ఆఖరు అని. ‘మీ ఫీడ్‌బ్యాక్ పాజిటివ్‌గానే ఉంది, రెండు రోజులు ఆగండి’ అన్నారు. చిన్న కంపెనీని బతిమాలి సోమవారం దాకా గడువు తెచ్చుకున్నాడు. సోమవారమూ గడిచింది. చిన్న కంపెనీ వాళ్లు ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారు. పెద్ద కంపెనీ నుంచి ఆ తర్వాత ఒక్క ఫోన్ లేదు. కొన్నాళ్లకు అదే పోస్టు మళ్లీ నౌకరీలో కనిపించింది.

ఆశపడ్డాడు, పోగొట్టుకున్నాడు అని మీరు అనొచ్చు. గురువారం నాడు ‘కాదు’ అని ఉంటే శుక్రవారం సంతకం పెట్టేవాడు. ఏమీ తేల్చలేనప్పుడు ‘పాజిటివ్‌గా ఉంది’ అనడం మాట్లాడకుండా ఉండటం కన్నా పెద్ద తప్పని నా అభిప్రాయం.

‘ఇమ్మీడియట్ జాయినర్స్ మాత్రమే’ అని ప్రకటనల్లో రాస్తారు. మీరు అలా రాసినందుకే చేతిలో ఏ ఆఫరూ లేకుండా ముందు రిజైన్ చేసి, నోటీసులో ఉంటూ ఇంటర్వ్యూలకు తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారు. లాస్ట్ వర్కింగ్ డే దగ్గరపడుతుంటే వాళ్ల టెన్షన్ చూడాలి. హోమ్ లోన్ ఈఎంఐ ఆగదు, పిల్లల స్కూలు ఫీజు ఆగదు. మీ జవాబు రాక మూడు నెలలు ఖాళీగా ఉండిపోతే, తర్వాతి ఇంటర్వ్యూలో మీలాంటివారే రెజ్యూమె తిప్పి చూసి ‘ఈ గ్యాప్ ఎందుకొచ్చింది?’ అని అడుగుతారు.

ఇప్పుడు మీకు కూడా నష్టం చేస్తున్న విషయానికి వస్తాను. మా చుట్టుపక్కల, అంటే మైత్రీవనం, ఎస్సార్ నగర్ హాస్టళ్ల దగ్గర, టెలిగ్రామ్ గ్రూపుల్లో, బ్యాక్‌డోర్ ఉద్యోగాలిప్పిస్తామనేవాళ్లు తిరుగుతుంటారు. వాళ్లకు కావాల్సింది ఇంటర్వ్యూ ఇచ్చి ఎదురుచూస్తున్న మనిషే. ఎవరు ఎక్కడ ఇంటర్వ్యూకి వెళ్లారో గ్రూపుల్లో అడుగుతారు, వీళ్లు అమాయకంగా చెబుతారు. మూడు నాలుగు రోజులకు మీ లోగోతో మెయిల్ వస్తుంది. మెయిల్ అడ్రసులో మీ కంపెనీ పేరుకి ఒక అక్షరం ఎక్కువో ఒక గీత ఎక్కువో ఉంటుంది. మీరు సెలెక్ట్ అయ్యారు, ల్యాప్‌టాప్‌కి, డాక్యుమెంట్ వెరిఫికేషన్‌కి రీఫండబుల్ డిపాజిట్ కట్టండి, సాయంత్రంలోగా కట్టకపోతే ఆఫర్ పోతుంది. ఎందుకు నమ్ముతాడంటే, నిజంగానే మీ ఆఫీసుకి వచ్చి నిజంగానే ఇంటర్వ్యూ ఇచ్చాడు. మీ నుంచి సరిగ్గా ఇలాంటి మెయిల్ కోసమే రాత్రీ పగలూ చూస్తున్నాడు. అది వచ్చింది!

డబ్బు కట్టి మోసపోయిన కుర్రాళ్లు మాదాపూర్‌లో మూసేసిన కన్సల్టెన్సీ ముందు గుమిగూడటం, సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టడం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. మీ వెబ్‌సైట్లలో ‘మేం ఉద్యోగానికి డబ్బు తీసుకోం’ అని ఒక హెచ్చరిక పెడతారు. మంచిదే. కానీ మీరు అసలు జవాబు పంపి ఉంటే దొంగ జవాబు నమ్మే పనే ఉండదు. మా క్లాసులో మాత్రం బోర్డు మీద ఎప్పుడూ 1930 అని రాసి ఉంచుతాం. డబ్బు పోతే వెంటనే ఫోన్ చేయాల్సిన సైబర్ నేరాల నంబర్ అది.

ఆఫర్ చేతికొచ్చినా ఎదురుచూపు తప్పనివాళ్లున్నారు. 2022లో ఇన్ఫోసిస్ ఆఫర్ లెటర్లు అందుకున్న ఇంజినీరింగ్ బ్యాచ్‌లో కొందరికి చేరే తేదీ 2024 దాకా రాలేదు. పుణెకు చెందిన ఐటీ ఉద్యోగుల సంఘం నైట్స్ కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. ఇచ్చిన ఆఫర్లన్నీ నిలబెట్టుకుంటామని కంపెనీ ప్రకటించింది, 2024 అక్టోబరులో కొందరిని చేర్చుకుంది. అక్కడ కాగితం ఉంది కాబట్టి కనీసం ఫిర్యాదు చేయగలిగారు. ఇంటర్వ్యూ ఇచ్చి కూర్చున్నవాడి దగ్గర ఏ కాగితముంది? ఇంకా చేరలేదు కాబట్టి లేబర్ ఆఫీసు లెక్కలో అతను ఉద్యోగి కూడా కాదు.

ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజీకి తెలియజేయాలని 1959లోనే మన దేశంలో చట్టం చేశారు. పాతికమంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలకూ అది వర్తించేలా రాశారు. ఖాళీ ఉందని ప్రభుత్వానికి చెప్పాలని ఆ చట్టంలో ఉండేది, అంతవరకే. ఆ ఖాళీ కోసం పిలిచిన మనిషికి ఏం చెప్పాలో అందులో రాయలేదు.

కెనడాలో ఒంటారియో ప్రభుత్వం ఆ పని చేసింది. 2026 జనవరి 1 నుంచి అక్కడ పాతికమంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉద్యోగులున్న సంస్థ బహిరంగ ప్రకటన ఇచ్చి ఇంటర్వ్యూ చేస్తే, ఆ ఉద్యోగం విషయంలో నిర్ణయం జరిగిందో లేదో 45 రోజుల్లోగా చెప్పాలి. చాలా రౌండ్లుంటే చివరి రౌండ్ నుంచి ఆ 45 రోజులు లెక్క. ప్రకటనలో జీతం ఎంత నుంచి ఎంత దాకానో రాయాలి, నిజంగా ఖాళీ ఉందో లేదో కూడా రాయాలి. టొరంటో, బ్రాంప్టన్, మిస్సిసాగాల్లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. మన పెద్ద ఐటీ కంపెనీలకు అక్కడ ఆఫీసులున్నాయి. అక్కడి క్యాండిడేట్‌కి చట్టానికి భయపడి పంపే మెయిల్‌ని రాయదుర్గంలో క్యాండిడేట్‌కి చట్టం లేకుండానే పంపొచ్చు. సాఫ్ట్‌వేర్ అదే, టెంప్లేట్ అదే.

సర్కారీ ఉద్యోగాల్లో అంతా సవ్యంగా ఉందని నేననను. తెలంగాణలో 2022 గ్రూప్‌-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, 2024లో కొత్త నోటిఫికేషన్ వేయాల్సి వచ్చింది. కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో ఆ పిల్లలు పడ్డ కష్టం చిన్నది కాదు. అయినా యూపీఎస్సీని చూడండి. సివిల్స్ ఇంటర్వ్యూకి 275 మార్కులు. ఫైనల్ రిజల్ట్ వచ్చాక, ఎంపిక కానివారికి కూడా తమకెన్ని వచ్చాయో తెలుస్తుంది. ఇంటర్వ్యూ దాకా వచ్చి ఆగిపోయినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల వివరాలు వేరే సంస్థలు చూసుకునేలా ఉంచుతారు కూడా.

పే స్లిప్పులు, పాన్ కాపీలు తీసుకుంటారని పైన రాశాను. ఎంపిక చేయనివాళ్ల కాగితాలు మీ దగ్గర ఏమవుతున్నాయి? వ్యక్తిగత డేటా మీద 2023లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, పని తీరిపోయాక ఆ డేటా తీసేయాలి. 2025 నవంబరులో నియమాలు కూడా ప్రకటించారు, దశలవారీగా అమల్లోకి తెస్తున్నారు. మరి ఎంపిక కాలేదన్న మాటే చెప్పకపోతే, పని తీరిందని ఎవరికి తెలుస్తుంది?

మీ వైపు ఫిర్యాదులూ ఉన్నాయి. ఆఫర్ తీసుకుని చేరనివాళ్లు, ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో వేరేవాళ్లను వెనకాల కూర్చోబెట్టి పెదాలు కదిపేవాళ్లు, లేని అనుభవం రెజ్యూమెలో రాయించుకునేవాళ్లు. ఆ చివరి పనికి మా అమీర్‌పేట పేరు బాగానే చెడింది. ఆ దుకాణాలు మా పక్క వీధిలోనే ఉన్నాయి కాబట్టి కాదనను. అలాంటివాళ్లను రిజెక్ట్ చేయండి, బ్లాక్‌లిస్ట్‌లో పెట్టండి. ఆ కోపం నిజాయితీగా వచ్చి కూర్చున్నవాళ్ల మీద చూపకండి.

కాదని చెబితే ‘ఎందుకు కాదు’ అని వాదనకు దిగుతారని కొందరు హెచ్‌ఆర్‌ వాళ్లు అంటుంటారు. దిగేవాళ్లు దిగుతారు, ఆ మెయిల్‌కి జవాబివ్వకండి, తప్పులేదు. కారణాలు రాయమని కూడా నేను పట్టుబట్టడం లేదు. రాస్తే మాత్రం మాకు ఎంతో మేలు. ‘ఆటోమేషన్ బాగుంది, ఏపీఐ టెస్టింగ్ రాదు’ అని ఒక ముక్క రాస్తే, ఆ పిల్లవాడు వచ్చే ఇంటర్వ్యూకి అది నేర్చుకుని వెళ్తాడు, నేను తర్వాతి బ్యాచ్‌కి ఆ పాఠం పెంచుతాను. ఇప్పుడైతే ఎవరు ఎందుకు పోయారో మాకు తెలియక అందరికీ అన్నీ చెబుతున్నాం.

ఫోన్లు ఎత్తని ఆ జూనియర్ రిక్రూటర్ల మీద నాకు కోపం లేదు. వాళ్లలో చాలామంది కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు, నెలకింతమందిని చేర్పించాలన్న టార్గెట్ కింద నలిగేవాళ్లు. హోల్డ్‌లో పెట్టమని పైవాళ్లు చెబితే పెడతారు. ఈ ఉత్తరం ఆ పైవాళ్లు చదవాలి. ఇంటర్వ్యూ చేసినవాళ్లకు ఎన్ని రోజుల్లో జవాబిచ్చారన్నది కూడా మీ రిక్రూటర్ల రివ్యూలో ఒక లైనుగా చేర్చండి. ఎన్ని రోజుల గడువన్నది మీరే పెట్టుకోండి. పది రోజులైతే పది, నెలైతే నెల. దాన్ని ఇంటర్వ్యూ రోజునే చెప్పండి. వాకిన్‌లో టోకెన్ ఇస్తారు కదా, దాని వెనకాల రిజల్ట్ తేదీ రాసివ్వండి.

మా ఇన్‌స్టిట్యూట్‌లో మెట్ల పక్కన ఒక ప్లేస్‌మెంట్ బోర్డు ఉంది. ఏ కంపెనీలో ఖాళీలున్నాయో రోజూ అందులో రాస్తాం, పిల్లలు దాన్ని చూసే అప్లై చేస్తారు. చెప్పిన తేదీకి జవాబిచ్చే కంపెనీల పేర్లు ఇకపై అందరికన్నా పైన రాయాలని మా ఫ్యాకల్టీ అంతా అనుకున్నాం. ప్రస్తుతానికి ఆ పై వరస ఖాళీగా ఉంది. మీలో ఎవరు మొదలుపెట్టినా చెప్పండి, ఆ రోజే రాస్తాం.

ఇట్లు,
అమీర్‌పేటలో టెస్టింగ్ పాఠాలు చెప్పే ఒక ఫ్యాకల్టీ